అమ్మమ్మ తెల్ల రుమాలు

లోకంలోని క్రిములన్నీ ఒక్కటై దండెత్తి వచ్చినా, అమ్మమ్మ కొంగు బిగించిందంటే తోక ముడవాల్సిందే. పుట్టినరోజు పార్టీలు జరిగే పిల్లల ఆటల హాలులో అడుగుపెట్టగానే ఆవిడ జారుడుబల్లను తెల్ల రుమాలుతో తుడిచి, అంటిన నల్లటి జిడ్డును తల్లులందరికీ తిప్పి చూపిస్తుంది. రంగు బంతుల్లోకి దూకబోయే చిన్న మనవడికి ఎప్పుడూ ఒకటే పాఠం: "దగ్గేవాళ్ల దగ్గరికి పోకు నాన్నా, ఎవరైనా సరే."

ఆ ఆదివారం బంతుల మీద చల్లిన మందు ఘాటుకి ఆవిడకే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. "పిన్నిగారూ, పిల్లలున్నారు కదా, కాస్త బయట కూర్చోండి," అంది పార్టీ ఇస్తున్న తల్లి. కన్నకూతురే తలుపు తీసి పట్టుకుంది. అమ్మమ్మ వెళ్లి చెప్పుల అరల పక్కన కూర్చుంది. చిన్న మనవడు కేకుముక్క పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. ఆవిడ చేతులు చాచింది, అంతలో మళ్లీ దగ్గు. వాడు బుద్ధిగా ముక్కు మూసుకుని, కేకు నేల మీద పెట్టి, లోపలికి పరిగెత్తాడు.

పక్కనే చేరిన పెద్ద మనవరాలు ఆవిడ భుజానికి ఆనుకుని, "ఆఖరికి నువ్వే పెద్ద క్రిమివైపోయావే అమ్మమ్మా!" అంది.

అమ్మమ్మ జారుడుబల్ల తుడిచిన రుమాలుతోనే కళ్లు తుడుచుకుంది.

"వాడికి చెప్తే ఎక్కింది. నీకే ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. లేచి అవతలికి పో."