ఖండన ఆటో

బ్లాగులు కొత్తగా వచ్చిన రోజుల్లో నేను బందరులో ఒక నెట్ సెంటర్లో కూర్చుని, దివిసీమలో పోటీ చేస్తున్న ఒక అభ్యర్థిని తిట్టిపోసేవాణ్ణి. మురుగు కాలవ పూడ్చి చేపల చెరువు తవ్వించాడనీ, తుఫాను బియ్యం అల్లుడి మిల్లుకి తోలించాడనీ రాశాను. చదివేది నలుగురు. అందులో ఒకడు మా బావ, వాడూ "చదివావా" అని నేను అడుగుతానన్న భయంతో చదివేవాడు.

ఎవరు చేరవేశారో గానీ సంగతి అభ్యర్థికి తెలిసింది. ఊరుకుంటే సరిపోయేది. ఆటోకి మైకు కట్టించి ఊరూరా ఖండన చదివించాడు.

"మన నాయకుడు మురుగు కాలవ పూడ్చి చేపల చెరువు తవ్వించారన్నది పచ్చి అబద్ధమండీ."

కంప్యూటర్ మొహం చూడని ఊళ్లలో జనం పనులాపి విన్నారు. మూడో రోజుకి ఆటోకి ఎదురెళ్లి, "ఇవాళ ఏం చెయ్యలేదంట?" అని అడగడం మొదలెట్టారు.

నాకు ఒళ్లు మండింది. నెల రోజులు టైపు కొట్టి నేను పోగేసింది నలుగుర్ని. ఆయన మూడు రోజుల్లో దివిసీమంతా పోగేశాడు.

ఆయన ఓడిపోయాడు. ఫలితాల మర్నాడు ఆ ఆటో అతను మా ఇంటికొచ్చి, మంచినీళ్లు తాగి, మర్యాదగా అడిగాడు.

"గెలిచినాయన మీద ఎప్పుడు మొదలెడతారండీ? మైకు ఇంకా విప్పలేదు."