కాకా నిలబెట్టిన బండి

పోయిన బుధవారం మా ఆయన ఆఫీసు నుంచి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. చెప్పులు విడవకుండా గడపలోనే నిలబడి, "కాకా పోయిండట" అన్నాడు. ఏ కాకా అని నేను అడగలేదు. మాకు ఒక్కడే కాకా.

ఆయనతో మాకు చుట్టరికం లేదు. టేకులపల్లిలో మేము కిరాయికి ఉన్న ఇంటి పక్క ఇల్లు ఆయనది. బొగ్గుబావిలో ఫిట్టర్. బావి దగ్గర చిన్నా పెద్దా అందరూ కాకా అనేవారు. మేమూ అదే పిలుపు పట్టుకున్నాం. ఊపిరితిత్తుల జబ్బుతో నెలకు పైగా దవాఖానలో ఉన్నాడని నాకు తెలుసు. పోయి చూసి రావాలని ప్రతి ఆదివారం అనుకున్నాను, ఏదో ఒక పని అడ్డం పెట్టుకున్నాను. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి పదేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది. నన్ను వెళ్లనివ్వనిది ఆ మాటేనేమో.

అప్పుడు మా ఆయనకు మలేరియా డిపార్ట్‌మెంటులో ఉద్యోగం. మోటారుసైకిల్ మీద అడవి ఊళ్లన్నీ తిరిగేవాడు. వాగులు, రాళ్లు, గుంతలు, అన్నీ ఆ బండి మీదే. నడుం నొప్పి అంటుంటే రోడ్ల వల్లనే అనుకున్నాం. కాదు. వెన్నుపూసకు క్షయ పట్టింది. హైదరాబాదులో పెద్ద డాక్టర్లు నన్ను పక్కకు పిలిచి, ఏడాది మంచం మీద నుంచి లేవకూడదనీ, ఆ తర్వాత నడుస్తాడో లేదో అప్పుడే చెప్పగలమనీ అన్నారు. నేను మాత్రం ఇంటికొచ్చి, మా ఆయనతో సహా అందరికీ రెండు నెలలు అని చెప్పాను.

ఇల్లు ఖాళీ చేసి బోనకల్‌లో మా పుట్టింటికి పోవాలి. రైలు స్టేషన్ ఉంది, దవాఖానకు పోయి రావడానికి వీలు. బండి ఏం చేయాలో తోచలేదు. మా పుట్టింట్లో దానికి చోటు లేదు. అమ్మేయమని అందరూ అన్నారు. ఆ మాట వినపడ్డప్పుడల్లా మా ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. చివరికి కాకానే అన్నాడు, "నా గోడ పక్కకు నిలబెడ్త. లోపల జాగ లేదు గని బయట ఉన్నా పాడు కాకుంట చూసే పూచీ నాది."

ఆ రోజు పొద్దున్నే బండిని తోసుకుపోయి కడిగాడు. మడ్‌గార్డుల కింద ఏడాది నాటి బురదను పుల్లతో గీకి తీశాడు. ఎండలో ఆరబెట్టాడు. తర్వాత ట్యాంకు మీద చెయ్యి పెట్టి నన్ను పిలిచాడు.

"బిడ్డా, బండి ఎన్ని రోజులు నిలబెట్టాలె?"

"రెండు నెలలు కాకా."

"రెండు నెలలైతే ట్యాంకు నిండ పెట్రోలు పోసి కప్పుత. ఏడాదైతే చుక్క లేకుంట తియ్యాలె. లేకపోతే పెట్రోలు చెడి బంక లెక్క అయితది. రెండు పనులు వేరు. జర నిజం చెప్పు."

మా ఆయన గుమ్మం లోపలే మంచం మీద ఉన్నాడు. నేను గొంతు బాగా తగ్గించి, "ఏడాది. నడుస్తడో లేదో గప్పుడు చెప్తమన్నరు" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

కాకా ఓదార్చలేదు. నా ముఖం కూడా చూడలేదు. వంగి పైపు ఊడదీసి, కింద డబ్బా పెట్టి, పెట్రోలు వదిలాడు. రేకు డబ్బాలో ధార పడుతున్న చప్పుడు చాలాసేపు వచ్చింది. అది ఎంతకూ ఆగకపోయేసరికి లోపలి నుంచి మా ఆయన అడిగాడు.

"ఎంత తీస్తున్నవ్ కాకా?"

కాకా డబ్బా మీద నుంచి తల ఎత్తకుండానే అన్నాడు, "మొత్తం తీస్తున్న సారూ."

మా ఆయన బండి సంగతి తెలిసిన మనిషి. ఇంక అడగాల్సింది ఏమీ లేదు. నేను దాచిందంతా ఆ రెండు మాటల్లో ఆయనకు చేరిపోయింది. నేను పెరట్లోకి పోయి ముఖం మీద నీళ్లు కొట్టుకుంటూ కూర్చున్నాను.

తిరిగి వచ్చేసరికి కాకా ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి, కిక్కును కాలితో మెల్లగా నొక్కుతున్నాడు. చైనుకు గ్రీజు పూశాడు. సైలెన్సర్ మూతికి బట్ట కుక్కాడు, ఎలుకలు దూరకుండా. కట్టెలు పెడితే చెద పడుతుందని, బండ రాళ్లు పేర్చి రెండు చక్రాలూ నేలకు తగలకుండా ఎత్తి నిలబెట్టాడు. నేను టార్పాలిన్ తెచ్చి గట్టిగా చుట్టబోతే చేయి అడ్డం పెట్టాడు.

"గట్ల బిగించొద్దు. కింద గాలి ఆడాలె. లేకపోతే లోపల్లోపలే చెమటపట్టి తుప్పు తింటది. నిలబెట్టిన బండిని వాన కంటే కప్పినోని తొందరే ఎక్కువ చెడగొడ్తది బిడ్డా."

ఐదు నెలల తర్వాత, మిగిలిన సామాను కోసం టేకులపల్లి వచ్చాను. అప్పటికి మా ఆయన వీపు మీద పుండ్లు పడ్డాయి. నాకు నిద్ర లేదు, ఎవరి మీదనైనా విరుచుకుపడేలా ఉన్నాను. టార్పాలిన్ ఎత్తి చూస్తే బండికి బ్యాటరీ లేదు. నేను చిన్నమ్మా అని పిలిచే కాకా భార్యను అడిగితే, "నాకెర్క లేదు, ఆయనే ఇప్పిండు" అంది.

సరిగ్గా అప్పుడే కాకా షిఫ్టు దిగి వచ్చాడు. గల్లీలో నలుగురు నిలబడి ఉన్నారు. "నమ్మి అప్పజెప్తే పార్టులు ఇప్పి అమ్ముకుంటరా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

కాకా సైకిల్ స్టాండు వేసి నిలబడ్డాడు. "చార్జింగ్‌కు పోయింది బిడ్డా. రేపు వస్తది" అన్నాడు, అంతే. నేను నమ్మలేదు. సామాను తీసుకుని సాయంత్రం బస్సు ఎక్కేశాను.

నాలుగో రోజు పొద్దున కాకా బోనకల్‌లో మా గుమ్మం ముందు ఉన్నాడు. బస్సూ రైలూ మారి, ఒళ్లో గోనెసంచి పెట్టుకుని వచ్చాడు. అందులో బ్యాటరీ. ఒలకకుండా దారంతా నిటారుగా పట్టుకున్నా, యాసిడ్ చుక్కలు పడి ప్యాంటు తొడ మీద మూడు నాలుగు చోట్ల కాలి చిల్లులు పడ్డాయి. బ్యాటరీని అరుగు మీద పెట్టి, "చూసుకో బిడ్డా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు.

మంచం మీద నుంచి మా ఆయన తల ఎత్తి చూసి ముఖం రెండు చేతులతో కప్పుకున్నాడు. "నేనే తియ్యమన్న కాకాను. ఆ రోజు నువ్వు పెరట్ల ఉన్నవ్. ఎండకు వానకు ఉంటే పాడైతది, ఇంట్ల పెట్టి నెలకోసారి చార్జింగ్ చేపించుమన్న."

నేను ఏదో అనాలి. "అన్నం తిని పో కాకా" అన్నాను.

"షిఫ్టున్నది" అని మంచినీళ్లు తాగి, ఆ బరువును మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. అది బండి దగ్గర ఉండాల్సిన వస్తువు కదా! స్టేషన్ వైపు పోతుంటే వెనక నుంచి చూస్తూ నిలబడ్డాను. పరుగెత్తి ఆపి ఉండాల్సింది.

పధ్నాలుగు నెలలకు మా ఆయన కర్ర పట్టుకుని నడిచాడు. మేమిద్దరం టేకులపల్లి పోయాం. కాకా టార్పాలిన్ తీశాడు. రెండు వానాకాలాలు చూసిన బండి మీద ఒక్క తుప్పు మచ్చ లేదు. కొత్త పెట్రోలు పోసి, కొత్త ప్లగ్గు బిగించి కొడితే ఆరో కిక్కుకు అందుకుంది. తెల్లటి పొగ గల్లీ అంతా కమ్మింది. మా ఆయన నవ్వుతూ ఎక్కి కూర్చున్నాడు. స్టాండు తీయగానే బండి బరువు ఒకవైపు ఒరిగింది. ఆయన కాలు ఆపలేకపోయింది. కాకా ఒడిసి పట్టుకున్నాడు. మా ఆయన దిగి, కర్ర అందుకుని, పక్కకు పోయి నిలబడ్డాడు. ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

కాకానే దాన్ని ఆపాడు. "బండి నడిచింది. మీరూ నడిచిన్రు. రెండూ ఒక్క దినమే కలవాలన్న రూలేమున్నది సారూ?"

అవి కలవనే లేదు. మా ఆయన కుర్చీలో కూర్చునే పనికి మారడంతో ఖమ్మం వచ్చాం. బండిని దుమ్ముగూడెం వైపు ఊళ్లు తిరిగే ఒక కొత్త ఉద్యోగికి ఇచ్చేశాం. అప్పుడప్పుడు పెళ్లిళ్లలో కాకా కనిపించేవాడు. మా ఆయన నడుం గురించే అడిగేవాడు. ప్రతిసారీ ఇప్పుడు చెప్తాను అనుకునేదాన్ని. ఎవరో ఒకరు మధ్యలోకి వచ్చేవారు. రాకపోయినా నేను చెప్పి ఉండేదాన్నో లేదో.

బుధవారం సాయంత్రానికి మేము టేకులపల్లి చేరేసరికి కాకాను వాకిట్లో పడుకోబెట్టారు. చిన్నమ్మ పక్కనే కూర్చుని ఆయన కుడిచెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. నేను ఆమె దగ్గర కూలబడి, "చిన్నమ్మా, ఆ రోజు గల్లీల నేనన్న మాట" అని మొదలుపెట్టాను. ఆమె నా మాట విన్నదో లేదో తెలియదు.

"చూడు బిడ్డా" అంది. "ముప్పయ్యేండ్ల కాపురంల ఈ గోర్లు గింత తెల్లగ ఎన్నడు చూళ్లే. సబ్బు పెట్టి రుద్దినా ఆ గ్రీజు నలుపు పోకపోతుండె. దవాఖానల నెల పండుకున్నంక గిట్ల అయినయి."

ఒక్కొక్క వేలినీ విడదీసి, వెలుతురుకు తిప్పి, ఆమె చూస్తూనే ఉంది.