చల్లటి ఇంజన్ కోసం

మా ఆవిడ మోకాళ్లు చూసిన డాక్టరు, "ఇంకో ఏడాదికల్లా ఆపరేషన్ తప్పదమ్మా" అన్నాడు. దవాఖాన మెట్లు దిగుతూ ఆవిడ నన్ను ఒకే ఒక్కటి అడిగింది.

"పెండ్లయిన కొత్తల బండి మీద శ్రీశైలం తీస్కపోతనన్నవు. ఇప్పుడన్న తీస్కపో. కాళ్లు మొత్తానికే పడిపోకముందే."

ఇన్నేళ్లూ ఆ మాట గుర్తుపెట్టుకుందని నాకు తెలియదు. సిగ్గేసింది. మా పాత స్కూటర్ ఘాట్ రోడ్డు ఎక్కదు. ఈ వయసులో కొత్త బండి ఎందుకు, దూరాలు తిరగడానికి పనికొచ్చే పాత మోటార్‌సైకిల్ ఒకటి చూద్దామనుకున్నాను. "మంచిది దొరికిన మర్నాడే పోదాం" అని మాటిచ్చాను. ఆ 'మంచిది' అన్న మాటే నా ప్రాణం తీసింది.

మాది రాజేంద్రనగర్. ప్రతి ఆదివారం స్కూటర్ వేసుకుని శంషాబాద్ వైపు బయల్దేరేవాడిని. ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల భూములమ్మిన ఇళ్లలో ఇలాంటి పెద్ద బండ్లు ఎన్నో. మోజుపడి కొన్నారు, నాలుగు రోజులు తిప్పారు, కారు రాగానే రేకుల షెడ్డులో పడేశారు. "తక్కువ తిరిగిన బండి అన్నా" అంటే నేనూ మొదట్లో మురిసిపోయాను. తిరిగిన బండి కన్నా నిలబెట్టిన బండే ఎక్కువ చెడిపోతుందని ఆలస్యంగా తెలిసింది. బడంగ్‌పేటలో ఒకాయన బండి సీటు ఎత్తి చూస్తే వైర్ల మధ్య ఎలుక ఏకంగా కాపురమే పెట్టింది. "ఎలుక మొన్ననే అచ్చిందన్నా" అన్నాడాయన. ఏదో చుట్టం వచ్చినట్టు!

ఎందుకైనా మంచిదని నాకు తెలిసిన మెకానిక్‌ను సలహా అడిగాను. "ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడు అన్నా" అన్నాడు. "చల్లగుండాలె. వేడిగుందంటే నువ్వొచ్చే ముంగట స్టార్ట్ చేసి పెట్టిండని లెక్క. చల్లటి ఇంజన్ ఎట్ల లేస్తదో అదే బండి అసలు సంగతి."

ఆ సలహా విన్నప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఎక్కడికి పోయినా ఇంజన్ వేడిగానే ఉండేది. "నేను వచ్చేదాకా బండి ముట్టొద్దు" అని ఫోన్‌లో బతిమాలి మరీ వెళ్లేవాడిని. అయినా అంతే. "ఎండకు కాలిందన్నా" అన్నాడొకడు, బండి షెడ్డులో ఉంది. "గిప్పుడే పాల ప్యాకెట్‌కు పోయొచ్చిన" అన్నాడు ఇంకొకడు. గల్లీ చివరి కొట్టుకు పోవడానికి అంత బండా! ఇంకో మహానుభావుడి దగ్గరికి పోయేసరికి ఇంజన్ మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. "మీరొస్తున్నరని కడిగిన" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇచ్చిన చాయ్ కూడా తాగకుండా వచ్చేశాను.

ఇంటికి రాగానే "ఏమైంది?" అనేది ఆవిడ. "వేడిగుంది" అనేవాడిని. మొదట్లో నవ్వేది. ఒకసారి మాత్రం విసుక్కుంది.

"వేడిగుంటే ఉండనియ్యి. మనం ఎక్కినంక ఎట్లయిన వేడెక్కుతది గద."

"బండ్ల సంగతి నీకేం తెలుసు?" అని కసిరాను. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. అప్పటికే మెట్లు పక్కకు తిరిగి ఒక్కొక్కటిగా దిగుతోంది. నేను చూశాను. చూసి, వచ్చే ఆదివారం ఎటు పోవాలా అని ఆలోచించాను.

అన్ని బండ్లు చూశాను గానీ, ఒక్కసారైనా ఆమెను వెంట తీసుకుపోలేదు. మావైపు పద్ధతే అంత. ఎడ్లయినా ట్రాక్టరయినా బండయినా చూసేది మగవాళ్లు. ఆడవాళ్లు కొబ్బరికాయ కొట్టే నాటికి వస్తారు. వెనక సీటు మీద కూర్చోబోయేది ఎవరో నాకు తెలుసు, అయినా పిలవాలని తోచలేదు.

నాలుగు నెలలకు తొండుపల్లిలో దొరికింది. నాకన్నా పెద్దవాడైన ఒక రైతు బండి. నేను అడగకముందే "హారన్ మోగది, మీటర్ తిరగది. అబద్ధం ఎందుకు తమ్మీ" అన్నాడు. చెయ్యి పెట్టి చూశాను. ఇంజన్ చల్లగా ఉంది! మూడో కిక్కుకు దగ్గుతూ లేచి, తర్వాత నిదానంగా నడిచింది. రెండు పక్కలా ఇనుప పెట్టెలు, ఎత్తైన సీటు, వెనక ఆనుకోవడానికి మెత్త. దూరం పోవడానికే పుట్టిన బండి. ఎగిరి గంతేయడం ఒక్కటే తక్కువ. అక్కడికక్కడే బేరం కుదుర్చుకుని అడ్వాన్సు ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున ఆవిడను ఆటోలో తీసుకుపోయాను. కొబ్బరికాయ కొట్టాం. నేను ముందు ఎక్కి, "ఎక్కు, చూద్దాం" అన్నాను. పెట్టెలున్నాయి కాబట్టి ఒక పక్కకు కూర్చోవడం కుదరదు, కాలు అటువైపు వెయ్యాలి. అందుకే చుడీదార్ వేసుకొచ్చింది. నా భుజం పట్టుకుని కాలు ఎత్తింది. పెట్టె దాకా లేచి ఆగిపోయింది. మళ్లీ ఎత్తింది. మూడోసారి పెదవి కొరుక్కోవడం అద్దంలో కనబడింది. "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటున్నాను నేను, బుద్ధి లేకుండా.

రైతు భార్య ఇంట్లోంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేసింది. మోచెయ్యి పట్టుకుని మెల్లగా ఎక్కించింది. మా ఆవిడ ఊపిరి పీల్చుకుని నా భుజాల మీద చేతులు వేసింది.

"మంచిగుందా?"

"మంచిగుంది." వెనక మెత్తకు ఆనుకుంటూ, "మొన్న ఉగాదప్పుడైతే స్టూలు లేకుండనే ఎక్కుదును" అంది.

దెప్పడానికి అనలేదు. అందుకే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాలుగు నెలలు ఊరందరి ఇంజన్ల మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంట్లో ఈ మనిషి మోకాలు ఎంత నొస్తోందో ఒక్క పూటైనా చూడలేదు.

"అన్నా, ఈ స్టూలు గూడ ఇస్తవా?" అని రైతును అడిగాను. ఆవిడ వైపు తిరగకుండానే, "రేపే పోదాం" అన్నాను.

"పోదాం గని," అంది ఆవిడ, "ముందుగాల నన్ను దించు."