క్లోరిన్ తాగిన కొమ్ములు

ఎండకు చచ్చిన కొమ్ముకూ, మందుకు చచ్చిన కొమ్ముకూ తేడా ఉంటది. దోహాల ఈ తేడా తెలిసిన మనిషిని నేనొక్కడినే అని నా నమ్మకం. గర్వం అనుకుంటే అనుకోండ్రి. నాలుగో తరగతి దాటనోణ్ని, పాలిష్ డబ్బాల మీది రాతలు కూడబలుక్కుంట చదువు నేర్చుకున్నోణ్ని. నాకు ఇంకే గర్వం దొరుకుతది?

దోహాల ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటల ఒక పాత ఫర్నిచర్ దుకాణం. దాని వెనక గదిల నా పని. బల్లలు, కుర్చీలు, అరబ్బులు చుట్టాలను కూసోబెట్టే మజ్లిస్ గదుల సోఫాల చెక్క చేతులు, ఏది పెచ్చులూడినా నా దగ్గరికే వస్తది. ముప్ఫై ఏండ్ల నుంచి ఇదే. ఊర్ల మా వాళ్లకు గల్ఫ్ అంటే అంత దుబాయే, ఇప్పటికీ "మా పెద్దాయన దుబాయ్‌ల ఆఫీసర్" అని చెప్పుకుంటరు. ఏం ఆఫీసర్? గోర్ల సందుల వార్నిష్ తోటే అన్నం తినే ఆఫీసర్.

ఒకనాడు పొద్దున దుకాణం ముందు పికప్ ఆగింది. ఊరవతల అల్ షహానియాల ఒంటెల ఫారం ఉన్న యజమాని దిగిండు, మేమంత అర్బాబ్ అంటం. ఆయన తొడుక్కున్న తెల్ల తోబు అంగీ మీద ఒక్క మడత లేదు. వెనక ఆయన ఒంటెల కాపరి, మా జిల్లా మనిషే, కంబళ్ల చుట్టిన మూటను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి నా బల్ల మీద పెట్టిండు. విప్పితే దుప్పి కొమ్ములు. మన చుక్కల దుప్పివి కావు, ఏదో చలిదేశపు పెద్ద దుప్పివి. ఒక్కో కొమ్ముకు ఆరారు కొనలు, నా చెయ్యి చాపినంత పొడుగు. అర్బాబ్ తండ్రి ఎప్పుడో తెచ్చి ఫారం గేటు మీద కొట్టిచ్చిండట. ఇప్పుడు సుద్దముక్కల తీరు తెల్లగ ఉన్నయి.

"రెండు పనులు," అన్నడు అర్బాబ్. ఆయన అరబ్బీ, హిందీ కలిపి మాట్లాడుతడు. నాకు తెలుగంత సాఫుగ అర్థమైతది. "ఒకటి, మా తండ్రి తెచ్చిననాటి రంగు రావాలె. రెండు, ఇవి ఎట్ల తెల్లబడ్డయో నువ్వు నాకు చెప్పాలె. ఎండకు అంటున్నడు వీడు. పండుగకు వారం ముందు బూడిదరంగు ఉండె. పండుగనాటికి పాలరంగు. వారంల అంత ఎండ కొట్టిందా?"

ఫోన్ల ఫోటోలు చూపిచ్చిండు. "వీడు చేసిందే అని తేలితే వీసా క్యాన్సిల్ కొట్టి ఇంటికి పంపిస్త," అని కాపరి ముందటనే అన్నడు. చాయ్‌ల చక్కెర ఎక్కువైంది అన్నంత తేలికగ అన్నడు.

కాపరి నా దిక్కు చూసిండు. ఏబై దాటిన మనిషి, ఇరవై ఏండ్లకు పైన ఆ ఒంటెల మధ్యనే ఉన్నోడు.

"పని మొదలుపెడితే గాని చెప్పలేను, అర్బాబ్," అన్న.

అది అబద్ధం. చూడంగనే తెలిసింది నాకు. ఎండ పైనుంచి కొడుతది. పై దిక్కు తెల్లబడి నిలువుగ పగుళ్లు పడుతయి, కింది దిక్కు ఎంతో కొంత గోధుమరంగు మిగులుతది. ఇవి కిందా పైనా, గాడుల లోపల కూడా ఒక్కటే తెలుపు. గోరు పెడితే పిండి రాలుతున్నది. పైగా ఒక కొనకు నల్లమరక. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూటు పాలిష్ వాసన.

శుక్రవారం నాడు, నీళ్ల ట్యాంకర్ డ్రైవర్‌ను బతిమాలి ఆ బండ్ల కూసోని, కాపరి ఉమ్ ఘువైలినా బస్తీల మేం నలుగురైదుగురం ఉండే గదికి వచ్చిండు. నమాజుకు పోయేటోళ్లు పోయిన్రు, గదిల నేనొక్కడినే. కూసోమనలేదు. చాయ్ అడగలేదు. ఎందుకు అడగలేదంటే, ఆయన ఏం అడగనీకి వచ్చిండో నాకు తెలుసు. అడిగిపిచ్చుకోవాలని ఉండె.

"కాకా, మనది మనది ఒక్క జిల్లా," అని మొదలుపెట్టిండు.

"జిల్లా సంగతి తర్వాత. ఏం పోసినవు దానిమీద?"

తల దించుకున్నడు. "ఈతకొలనుల వేసే క్లోరిన్ పొడి. పోయినేడు దారి పొడుగూత పేర్చిన గవ్వలు, సముద్రపు రాళ్లు దాంట్లనే కడిగిన. మస్తు తెల్లగైనయని అర్బాబ్ భుజం తట్టిండు. ఈసారి పండుగకు పెద్ద పెద్దోళ్లు వస్తరు, గేటు సాఫ్ చెయ్యి అన్నడు. నేనేమనుకున్న, కొమ్ము కూడ ఎముకే గదా, తెల్లగుంటనే అందం అనుకున్న. ఒంటెల నీళ్లతొట్టిల ఒక రోజంత నానబెట్టిన."

"రోజంత!"

"తెల్లగైతుంటే సంబురపడ్డ కాకా. అర్బాబ్ కోపం చూసినంక బూటు పాలిష్ రుద్దిన, ఒక కొనకే డబ్బా అయిపోయింది."

నవ్వొచ్చింది నాకు. నవ్విన కూడ. ఆయన కూడ నవ్విండు, నేను మెత్తబడ్డ అనుకోని.

"ఒక్క మాట అను కాకా. ఎండ అని ఒక్క మాట. నువ్వంటే అర్బాబ్ నమ్ముతడు. క్యాన్సిల్ కొడితే నా పని ఖతం. ఈ వయసుల నాకు కొత్త వీసా ఎవడిస్తడు? అక్కడ పోయి ఏం చెయ్యాలె? నాకు ఒంటె తప్ప ఏమీ రాదు. మా ఊర్ల ఒంటెలున్నయా?"

"చూద్దాం," అన్న.

ఆ 'చూద్దాం' ఆయనకు గుచ్చుకుంది. ఎవరికైనా గుచ్చుకుంటది. చెప్పులు వేసుకుంట అన్నడు: "ఎందుకే అంత బిర్రుగుంటవు? ఏమున్నది దీంట్ల, గోధుమరంగు పూసుడే గదా. ఇంకో డబ్బా బూటు పాలిష్ ఉంటే నేనే చేసుకుందును, నీ గడపెక్కకపోదును."

"ఆ పాలిష్ మరక వదిలిచ్చేసరికి నాకు సగం రోజు పట్టింది, తెలుసా?"

"అయితే నీకు పని దొరికింది గదా!" అనుకుంట పోయిండు.

గోధుమరంగు పూసుడే అట. ఆ మాట నా చెవిల ఉండిపోయింది. పని చేసినన్ని రోజులూ ఉండె.

ఏం చేసిన్నో రాస్త, పూసుడో కాదో మీరే చెప్పుండ్రి. ముందు మంచినీళ్లల్ల నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి నాలుగు దినాలు క్లోరిన్ వాసన పోగొట్టిన. క్లోరిన్ లోపల ఉంటే ఏ రంగూ నిలబడదు. తర్వాత నీడకు ఆరబెట్టి, ఇనుప పీచుతోటి పైనున్న పిండినంత రాకి గట్టి ఎముక తేల్చిన. పగుళ్లల్ల ఎముక పొడి కలిపిన జిగురు కూరిన. అప్పుడు పర్మాంగనేటు. కలరా దినాలల్ల మా ఊరి బాయిల వేసేటోళ్లే, ఆ ఊదారంగు పలుకులు. నీళ్లల్ల కరిగిచ్చి పూస్తే కొమ్ము వంకాయరంగైతది. చూసినోడు చెడగొట్టినవు అంటడు. కాసేపు ఆగితే ఆ వంకాయరంగే మట్టిరంగుకు తిరుగుతది. అది పైన నిలిచే రంగు కాదు, ఎముకను పట్టే రంగు. మొదలు దగ్గర మూడుసార్లు, నడుమ రెండుసార్లు. కొనలకు పూసీ పూయంగనే తడిగుడ్డతోటి తుడిచెయ్యాలె.

కొనలు ఎందుకు తెల్లగుండాలెనో ఏ డెకరేషన్ కంపెనీవాడూ చెప్పలేడు. మా నాయన అడవిల రాలిన దుప్పికొమ్ములు ఏరుకొచ్చి, కత్తులకు పిడులు చేసేటాయనకు ఇచ్చేటోడు. దుప్పి ఏడాదికోసారి కొమ్ములు రాలుస్తది. కొత్త కొమ్ము మీది తోలు ఊడగొట్టుకోనీకి చెట్లకు రాకుతది. చెట్టు పసరు పట్టి మొదలు నల్లబడుతది, రాకీ రాకీ కొనలు తెల్లబడుతయి. ఆయన ఒక కొమ్ము నా చేతుల పెట్టి ఇదంత చూపిచ్చిననాడు నాకు ఏడేండ్లు. నాకు బడి అంటే అదే.

చివరికి తేనెమైనం రుద్దిన. నా చేతులు వారం దాక మట్టిరంగుల ఉన్నయి, ఎంత కడిగినా పోలే. కొమ్ములు మాత్రం నిన్ననే చెట్టుకు రాకి వచ్చినట్టున్నయి.

అర్బాబ్ వచ్చిండు. వెనక కాపరి. కొమ్ములు చూసి అర్బాబ్ దగ్గరికి జరిగిండు. మొదలు నుంచి కొన దాక వేలు పెట్టి నిమిరిండు. "వల్లా, మా తండ్రి గేటు కింద నిలబడ్డట్టే ఉన్నది," అన్నడు. ఆయన కండ్లు తడిగున్నయి. రెండో ప్రశ్న మర్చిపోయిండు. ఎండా మందా అని అడగనేలేదు. కాపరి ఆయన వెనక నిలబడి, బతికిన అన్నట్టు, నా దిక్కు చేతులు జోడిచ్చిండు.

అట్లనే పోతే అయిపోయేది. గడప దాక పోయిన అర్బాబ్ మళ్ల తిరిగి, దుకాణం సేటుతోటి నవ్వుకుంట అన్నడు: "నేను ఊకెనే భయపడ్డ. ఎండకు పోయిన రంగే గదా. ఒక పూత వేస్తే వచ్చేసింది. మా డెకరేషన్ వాడు కూడ స్ప్రే కొడితే చాలన్నడు."

"ఎండ కాదు, అర్బాబ్," అన్న.

అక్కడ ఆగొచ్చు. ఆగలే. కొమ్మును తలకిందులు చేసి, మేకులు దిగే మొదట్ల రంగు వెయ్యకుండ విడిచిన చోటు చూపిచ్చిన. "చూడుండ్రి, కింద కూడ సున్నమే. ఎండైతే ఈడ రంగు మిగిలేది. ఇవి క్లోరిన్ల రోజంత నానిన కొమ్ములు. ఎండకు పోయినవాటిని ఎవడన్నా చేస్తడు. వీటిని బతికిచ్చేటోడు ఈ దేశంల నేను తప్ప ఇంకొకడు లేడు."

సేటు దగ్గిండు. కాపరి జోడిచ్చిన చేతులు ఇంకా అట్లనే ఉన్నయి, విప్పుడు మర్చిపోయినట్టు.

అర్బాబ్ కోపం చెయ్యలే. "నాకు అనుమానం ఉండె," అన్నడు. కాపరి దిక్కు తిరిగి, "యల్లా, ఎత్తు," అన్నడు. ఆయనే కొమ్ములు కంబళ్ల చుట్టి, తెచ్చినంత జాగ్రత్తగ తీసుకపోయి బండ్ల పెట్టిండు.

గదిల వాళ్లు అంటరు, నిజమే గదా కాకా నువ్వు చెప్పింది, తప్పు వాడు చేసిండు, తీర్పు అర్బాబ్ చెప్పిండు, నడుమ నీదేమున్నది? వాళ్ల ఓదార్పు వాళ్ల దగ్గరే పెట్టుకోమనుండ్రి. నిజం చెప్పాలని నేను చెప్పలే. నిజం కావాలంటే మొదటిరోజే చెప్పేటోణ్ని. నా పనిని పూత అన్నందుకు చెప్పిన.

బిగియ్యనీకి నేనే రావాలన్నడు అర్బాబ్. మర్నాడు షహానియాకు పోయిన. లోపల మజ్లిస్ గోడకు, నీడ పట్టున కొట్టుకోండ్రని చెప్పిన. గేటు మీదనే అన్నడు, తండ్రి పెట్టిన జాగ అట. నిచ్చెన పట్టుకోనీకి కాపరిని పంపిండు. ఆయన బ్యాగు అప్పటికే గదిల సర్ది ఉన్నది, టికెట్ ఎల్లుండికి. ఉన్న రెండు దినాలు కూడ పని తప్పలే.

నేను పైన, ఆయన కింద. ఒక కొమ్ము బిగిచ్చిన. తర్వాత అడిగిండు, మామూలు గొంతుతోటే:

"కాకా, ఈ రంగు ఎన్ని దినాలుంటది?"

"నీడకుంటే ఇరవై ఏండ్లు."

"ఈడ?"

అబద్ధం చెప్పబుద్ధి కాలే. చెప్పాల్సిననాడు చెప్పకపోతిని.

"రెండు ఎండాకాలాలు."

ఆయన పైకి చూసిండు. కండ్లల్ల ఎండ పడి మొఖం ముడుచుకున్నడు. "రెండు ఎండల రంగు కోసం నన్ను ఇంటికి తోలినవా?" అన్నడు.

చివరి స్క్రూ బిగిచ్చిన. ఒక్కొక్క మెట్టు దిగిన. నేను నేల మీద కాలు పెట్టేదాక ఆయన నిచ్చెన వదల్లే.