ముక్కు పక్కన సిరా గీత

నా చిన్నప్పుడు యాకుత్‌పురాలోని మా గల్లీలో మొటిమకు మందు చెప్పని మనిషి లేడు. ఒకరు పళ్లపొడి రాయమనేవారు, ఇంకొకరు వెల్లుల్లి రుద్దమనేవారు. నేను ఎవరి మాటా వినలేదు. ఒక శనివారం సాయంత్రం, అమ్మ గాజులకు తగిలించుకునే పిన్నీసుల్లో ఒకటి తీసుకుని, నాయిన గడ్డం గీసుకునే అద్దం ముందు నిలబడి, ముక్కు పక్కన లేచిన మొటిమను పొడిచాను. పొడిచి, రెండు గోళ్ల మధ్య గట్టిగా నొక్కాను. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు.

మాకు అయిదు బర్రెలు ఉండేవి. నాయిన తెల్లవారకముందే పాలు పితికి, సైకిల్ మీద మలక్‌పేట దాకా పోసి వచ్చేవాడు. నేను అద్దం ముందు నిలబడితే ఆయనకు గిట్టేది కాదు. "పాలు పోసేటోనికి సోకులేందిరా? బర్రె నీ మొకం చూసి పాలిస్తదా?" అని నలుగురి ముందు అనేవాడు. నలుగురూ నవ్వేవారు. దెబ్బ కంటే ఆ నవ్వంటేనే నాకు భయం.

ఆదివారం పొద్దున లేచేసరికి చెంప బిగుసుకుపోయి ఉంది. ముక్కు పక్కన ఎర్రగా ఉబ్బింది, వేలు తగిలితే నొప్పి కన్ను వరకు లాగుతోంది. ఏమైందని అమ్మ కంగారుగా అడిగింది. పిన్నీసు సంగతి చెబితే అది నాయిన దాకా పోతుంది. అందుకని కందిరీగ కుట్టిందన్నాను. కందిరీగ కుడితే మా ఇళ్లలో చేసేది ఒకటే. అమ్మ వెంటనే నాయనమ్మ పాన్‌డబ్బాలోంచి సున్నం తీసి వాపు మీద పట్టించింది. పచ్చి పుండు మీద సున్నం పడగానే కళ్ల ముందు మెరుపులు కనబడ్డాయి. అయినా నిజం చెప్పలేదు. నా అబద్ధానికి తగిన మందే అది.

మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటామె పెద్ద దవాఖానలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతూ మా దగ్గర పాలు తీసుకోవడం ఆమెకు అలవాటు. ఆ రోజు గిన్నె అరుగు మీద పెట్టేసి, నా గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"యా అల్లా, సున్నం ఎవరు పెట్టిన్రు?" అంటూ నీళ్లు పోసి చాలాసేపు కడిగింది. తర్వాత మెల్లగా అడిగింది. "బేటా, నిజంగ కందిరీగేనా?"

"అవ్ ఖాలా."

ఆమె రెట్టించలేదు. నా సిరాబుడ్డి తెమ్మంది. అగ్గిపుల్ల కొనను సిరాలో ముంచి, ఎరుపు ఎక్కడిదాకా ఉందో చూసుకుంటూ దాని చుట్టూ సన్నని గీత గీసింది.

"ఏం కుట్టిందో ఏమో గని, ఎరుపు ఈ గీత లోపట ఉన్నంతసేపు ఫికర్ లేదు. గీత దాటి కన్ను దిక్కు నడిచిందనుకో, సూది వేయించాలె. ఆలస్యమైతే కన్నుకే ముప్పు. నేను జర పండుకుంట. దాటంగనే తలుపు గుద్ది లేపు. చెయ్యి మాత్రం పెట్టకు."

అమ్మ బర్రెల పనిలో పడింది. నేను అద్దం పట్టుకుని కూర్చున్నాను. పదకొండు గంటలకు ఎరుపు గీత లోపలే ఉంది. పన్నెండుకు గీతను తాకింది. ఒంటిగంటకు, కంటి కిందుగా, బియ్యపు గింజంత బయటికి వచ్చింది. అద్దాన్ని వంచి చూశాను, కిటికీ దగ్గరికి పోయి చూశాను. గింజ గింజలాగే ఉంది.

లేచి ఖాలా తలుపు దాకా వెళ్లాను. దవాఖానలో డాక్టరు అడుగుతాడు, పిన్నీసు బయటపడుతుంది, ఆ తర్వాత నాయిన మాట, నలుగురి నవ్వు. ఎత్తిన చెయ్యి దించేశాను. ఇంటికి వచ్చి, బొటనవేలు నాలుక మీద తడి చేసుకుని, కంటి వైపు గీతను తుడిచేశాను. ఎరుపుకు ఇంకాస్త అవతలగా కొత్త గీత గీశాను. ఆమె గీసినంత సన్నగానే గీశాను. ఏ పనైనా నీటుగా చేయడం నాకు అప్పటికే అలవాటు. కాసేపు నిజంగానే తగ్గినట్టనిపించింది కూడా.

రెండున్నరకు కింది రెప్ప బరువెక్కింది. ఒళ్లు కాలుతోంది.

మూడింటికి ఖాలా తానే వచ్చింది. నా ముఖం చూసింది, గీత చూసింది.

"దాటలేదా?"

"లేదు ఖాలా."

"అచ్ఛా. అయితే నేను పోత," అని వెనుదిరిగింది.

మా గుమ్మానికి గోనెసంచి పరదా ఉండేది. ఆమె చెయ్యి పరదా మీద పడింది. ఆ పరదా దాటితే నన్ను ఇక అడిగేవాళ్లు ఉండరు.

"ఖాలా, గీత నేనే జరిపిన. కందిరీగ కాదు. పిన్నీసుతోని పొడిచిన."

ఆమె ఆశ్చర్యపోలేదు. అమ్మను కేకేసి, రిక్షా పిలిచి, నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుంది. దారిలో నా బొటనవేలు పట్టుకుని నాకే చూపించింది. నీలంగా ఉంది.

"ఇది చూడంగనే తెల్సింది. పరదా కాడ నిలబడి పది లెక్కపెడుతున్న. అప్పటికీ చెప్పకుంటే చెవి పట్టి గుంజుకపోదామనుకున్న. ఎనిమిది కాడ నోరిప్పినవ్. మస్తు మొండోనివి బేటా!"

అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

దవాఖానలో సూది వేశారు, వారం రోజులకు సరిపడా మాత్రలు ఇచ్చారు. ఇంకొంత ఆగి ఉంటే కంటి దాకా పోయేదని, ముక్కు చుట్టుపక్కల లేచినదాన్ని ఎన్నడూ గిల్లకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. మొటిమకు ఇంట్లో ఏం చేయాలో ఖాలా తర్వాత నేర్పింది. రోజుకు రెండుసార్లు సబ్బుతో మెల్లగా కడుక్కోవాలి, నొప్పిగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డ కాసేపు ఆనించాలి, ఆ తర్వాత చేతులు దూరంగా పెట్టుకోవాలి. మా గల్లీ మందులన్నిటిలో ఇంత సులువైనది లేదు, ఇంత కష్టమైనదీ లేదు.

నాయినకు నేనే చెప్పాను. ఆయన నవ్వలేదు. నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "కన్ను మంచిగ కానొస్తుందా?" అని మాత్రం అడిగాడు.

వాపు రోజూ ఎంత తగ్గుతోందో నోట్‌బుక్కులో రాసి చూపించమంది ఖాలా. వాపు వారంలో పోయింది గానీ రాత ఆగలేదు. పెద్దయ్యాక నౌకరీలో చేరి, రిటైరైనా ఆగలేదు. ఇప్పటికీ సాయంత్రం డైరీ తెరవగానే, ఆ రోజు జరిగినవాటిలో ఏది రాయకుండా వదిలేద్దామనిపిస్తుందో దాన్ని ముందు రాస్తాను. మిగతావి ఆ తర్వాత.