మగ్గం మీద పెళ్లిచూపులు

మా ఉప్పాడలో పాపాయిని మించిన పిరికిది లేదు. ఈ మాట దాని ముందే అంటాను, నవ్వేసి ఊరుకుంటుంది. గేటు గట్టిగా పడితే చాలు, కొంగు సర్దుకుని లేచి నిలబడిపోతుంది. మొగుడు సత్తిరాజు పోయి చాలా ఏళ్లయింది. మనిషి పోయాడు గానీ ఆ భయం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ సత్తిరాజు పెళ్లిచూపులకొచ్చినప్పుడు తాగిన కాఫీ గ్లాసు తనే కడిగి బోర్లించాడట. అది చూసి పాపాయి వాళ్ల నాన్న మురిసిపోయి ఆ పూటే సంబంధం ఖాయం చేసేశాడు. తర్వాత ఆ చేతులే ఏం చేశాయో, పక్కింటిదాన్ని గనక గోడ ఇవతల నుంచి నేను విన్నాను. వీధిలోకొస్తే మాత్రం వెన్నపూస లాంటి మనిషి. "మీ ఆయన బంగారం" అని అందరూ అంటుంటే అది తలూపేది.

అందుకే కూతురు శ్రీదుర్గ, నేత శిక్షణలో పరిచయమైన ఉదయ్‌కుమార్‌ని చేసుకుంటానంటే పాపాయికి తిండి సయించలేదు. నేతగాళ్ల బిడ్డే, తాగుడు లేదు, మాట నెమ్మది. ఎక్కడ వాకబు చేసినా మంచోడనే అన్నారు.

"సత్తిరాజుని కూడా మంచోడనే అన్నారు కదా వదినా" అంది నాతో. "దాని బతుకూ నాలాగే అయితే నేనేం చెయ్యను?"

చివరికి ఒక షరతు పెట్టింది. ముహూర్తం పెట్టుకునే ముందు కుర్రాడు కొన్నాళ్లు తన పక్కన మగ్గం మీద కూర్చోవాలి. మా జాందానీ చీర ఒక్కరు నేసేది కాదు. గుంటలో కాళ్లు పెట్టుకుని ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఎడమ సగంలో పువ్వులు ఒకరివి, కుడి సగంలో ఇంకొకరివి. దారం కండె పెట్టిన నాడె ఒకరు విసిరితే రెండోవాళ్లు అందుకోవాలి. దారం తెగుతుంది, మోచెయ్యి తగులుతుంది, నడుం లాగేస్తుంది. అక్కడ ఎవరి అసలు రంగైనా బయటపడుతుందని దాని నమ్మకం. "జాతకాలు చూసేవాళ్లని చూశాం గానీ, మగ్గం మీద పెళ్లిచూపులేంటండీ!" అని వీధంతా నవ్వుకున్నారు.

ఉదయ్‌కుమార్ మారు మాట్లాడకుండా వచ్చాడు. వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. దారం తెగితే తనే ముడేశాడు. "మీరు కాసేపు నడుం వాల్చండి అత్తయ్యగారూ" అనేవాడు. పాపాయి కావాలని నాడె పక్కకి విసిరినా విసుక్కోలేదు.

"ఇంకేం కావాలే నీకు?" అని కసిరాను.

"నా ముందు బాగానే ఉన్నాడు వదినా. పెద్దవాళ్ల ముందు ఎవరైనా బాగానే ఉంటారు" అంది.

మర్నాడు నడుం నొప్పని చెప్పి తన చోట కూతుర్ని కూర్చోబెట్టింది. నేను అరుగు మీద కండెలకి దారం చుట్టుకుంటున్నాను. పాపాయి గుమ్మంలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది. చూపు మాత్రం అతని మీద లేదు, పిల్ల మీద ఉంది.

శ్రీదుర్గ మగ్గం ఎక్కిందంటే ఫోన్లో చూసిన రీల్స్ కబుర్లు, ఎదురింటివాళ్ల మీద వెక్కిరింపులు, నా చెవులు చిల్లులు పడాల్సిందే. ఆ రోజు కిక్కురుమనలేదు. నాడె విసిరే ముందు ఒకసారి అతని మొహం చూస్తోంది, విసిరాక మళ్లీ చూస్తోంది. మోచెయ్యి అతనికి తగలకుండా ఒళ్లంతా ముడుచుకుని కూర్చుంది. అతను ఒక్క మాటా అనలేదు, తన పని తను చేసుకుంటున్నాడు. అవతల సముద్రం రాళ్లకి కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

పాపాయి లేచి చీర మీదికి వంగింది. కుడి అంచు దగ్గర ఒక పువ్వుకి రెక్క తప్పింది. అది అతను నేసే సగం. పిల్ల చెయ్యి చాపినా అక్కడికి అందదు.

"ఇదెవరు తప్పేశారు?" అంది, చాలా మెల్లగా.

"నేనేనమ్మా, నాదే తప్పు" అంది శ్రీదుర్గ, తల్లి నోట్లో మాట పూర్తికాకుండానే.

ఉదయ్‌కుమార్ తలెత్తి నవ్వాడు. "పోనీలెండి అత్తయ్యగారూ, మెల్లిగా నేర్చుకుంటుంది."

సత్తిరాజు ఉన్న రోజుల్లో కూర మాడినా, కరెంటు పోయినా, అతని చెప్పు తెగినా "నాదే తప్పండి" అని పాపాయి ముందే అనేసేది. అలా అనేస్తే దెబ్బ కాస్త తక్కువ పడుతుందని. కాపురానికెళ్లాక తను నేర్చుకున్న ఆ మాట, కూతురికి పెళ్లి కాకుండానే వచ్చేసింది.

"లేవండి బాబూ" అంది పాపాయి.

"ఏమైందండీ?"

"లేవండి. ఈ సంబంధం మాకొద్దు."

దాని జన్మలో ఒక మగాడితో అలా మాట్లాడటం నేను చూడలేదు. ఎక్కడ పడిపోతుందోనని భుజం పట్టుకున్నాను. అతను నింపాదిగా గుంటలోంచి పైకి వచ్చి చొక్కా దులుపుకున్నాడు. పాపాయి వైపు చూడనే లేదు. శ్రీదుర్గ వైపే చూశాడు, కాసేపు. ఆ చూపుకి నేనే ఒకడుగు వెనక్కి వేశాను. తర్వాత మా ఇద్దరికీ నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

పాపాయి తలుపు గడియ వేసింది. శ్రీదుర్గ ఇంకా మగ్గం మీదే ఉంది. ఎందుకొద్దన్నావని తల్లిని అడగలేదు, ఏడవనూ లేదు.

"అమ్మా," అంది, "ఆయనకి కోపం వచ్చిందంటావా?"