రూతమ్మ చేతి ముద్ద

అమెరికాలో, షాంటిలీ ఊళ్ళో, ఎయిర్‌పోర్ట్‌కి పక్కనే, ఫారిన్ నుంచి దిగిన కుక్కల్ని పెట్టే క్వారంటైన్ సెంటర్ ఒకటుంది. బయట్నుంచి చూస్తే గోడౌన్ అనుకుంటారు. లోపల ఇరవై గదులు, గదికో కుక్క. ఇండియా నుంచి వచ్చినవాటితో అక్కడివాళ్ళకి పెద్ద తలనొప్పి. సిట్ అంటే కూర్చోవు, కమ్ అంటే రావు, మూలకి నక్కి బిక్కుబిక్కుమంటూ చూస్తాయి. అప్పుడు అందరి నోటా ఒకటే పేరు. "రూత్ ఎక్కడ? రూత్‌ని పిలవండి!"

రూతమ్మ వస్తుంది. యాభై ఆరేళ్ళు, పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. గది తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, "ఏంట్రా నాన్నా, ఎవరేమన్నారు నిన్ను? రా, ఇటు రా" అంటుంది. అంతే, చెవులు లేస్తాయి. ఢిల్లీ నుంచి వచ్చిన కుక్కలకి కూడా తెలుగే. అవీ వింటాయి. ఎలాగంటే ఆవిడకీ తెలీదు.

సొంతూరు నరసాపురం. అక్కడ మిషన్ ఆస్పత్రిలో ఇరవై రెండేళ్ళు ఆయాగా చేసింది. అమెరికాలో ఉన్న అన్నయ్య ఎప్పుడో వేసిన పేపర్లు పద్నాలుగేళ్ళకి కదిలాయి. నలభై తొమ్మిదో ఏట మొగుడు షాలేం రాజుతో కలిసి ఇక్కడ దిగింది. పిల్లల్లేరు. షాలేం రాజు ఇండియన్ గ్రోసరీలో కూరగాయలు సర్దుతాడు. రోజూ సాయంత్రం కార్లో ఆవిడని ఎక్కించుకుని, సీట్ బెల్ట్ పెట్టుకునేలోపే మొదలుపెడతాడు.

"ఆ కుక్కలతో మాట్లాడేదాంట్లో సగం నాతో మాట్లాడవే నువ్వు."

"మీరూ పెట్టింది వంక పెట్టకుండా తినండి, మీతోనూ మాట్లాడతా."

"వాటికి వంకాయ కూరలో ఉప్పు ఎక్కువేస్తే తెలుస్తుంది, ఒకసారి పెట్టి చూడు."

ఇదీ వాళ్ళ కాపురం. ఆదివారం తెలుగు చర్చి, మిగతా రోజులు బ్లీచ్ నీళ్ళు. గది కడగాలి, గిన్నెలు కడగాలి, బూట్లు కడగాలి, గది మారిన ప్రతిసారీ చేతులు కడగాలి. గ్లవ్స్ వేసుకున్నా సరే వేళ్ళ కొసలు పగిలి, ఎర్రగా గీతలు పడి ఉండేవి. కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. పొద్దున్నే మళ్ళీ బ్లీచ్.

మార్చిలో జంతిక వచ్చింది.

గోధుమరంగు ఆడకుక్క, మామూలు వీధికుక్క జాతి. తోక చూస్తే అచ్చం జంతిక చుట్టలా ఉంటుంది, అందుకే ఆ పేరు. దాని ఓనర్ అంకిత, హైదరాబాద్ అమ్మాయి, సాఫ్ట్‌వేర్. ఇక్కడికి దగ్గర్లోనే రెస్టన్‌లో కొత్త జాబ్. మియాపూర్‌లో హాస్టల్ ముందు స్కూటీ కింద వణుకుతూ దొరికిన పిల్లని నాలుగేళ్ళు పెంచింది. దాన్ని వదిలి రాలేక అన్ని పేపర్లూ తనే తిరిగి చేయించింది. కానీ ఒక్క పొరపాటు జరిగింది. ముందు రేబిస్ టీకా వేయించి, తర్వాత చర్మం కింద గుర్తింపు చిప్ పెట్టించింది. చిప్ ముందుండాలి. చిప్ లేనప్పుడు వేసిన టీకా ఏ కుక్కకి వేశారో ఎవరికి తెలుసు, అది చెల్లదు అన్నారు. మళ్ళీ వేయించింది. ఆ టీకా పనిచేసిందో లేదో రక్తంలో చూసే టెస్ట్ ఒకటుంది. దానికి ఆగాలంటే ఇంకో రెండు నెలలు. అక్కడ జాబ్ జాయినింగ్ డేట్ ఆగదు. ఆ టెస్ట్ లేకుండా వస్తే ఇంకోటే దారి. ఈ సెంటర్‌లో ఇరవై ఎనిమిది రోజులు.

రిసెప్షన్‌లో సంతకాలు పెడుతూ, అద్దం అవతల బోనులాంటి క్రేట్‌లో ఉన్న జంతికని చూసి, ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. "ఊరుకోమ్మా, ఇరవై ఎనిమిది రోజులేగా" అని పక్కనుంచి తెలుగు వినపడేసరికి ఉలిక్కిపడి తిరిగింది.

"ఆంటీ, మీరు తెలుగా!"

"నేనే చూసుకుంటాను దీన్ని. పేరేంటి?"

"జంతిక ఆంటీ."

"ఓరి నీ అసాధ్యం కూలా, కుక్కకి జంతికా? మా ఆయన వింటే నంజుకుంటాడు."

ఏడుస్తున్న పిల్ల ఫక్కున నవ్వింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో రోజూ ఫోన్. లోపలికి ఓనర్లని రానివ్వరు, అందుకని రూతమ్మ వీడియో కాల్‌లో చూపించేది. ఫోన్‌లో అంకిత గొంతు వినగానే జంతిక ఆ గదంతా వెతికేది, ఫోన్ వెనక్కి కూడా వెళ్ళి చూసేది.

కానీ తినలేదు. గిన్నెలో వేసిన గోలీల్లాంటి తిండి వాసన చూసి మొహం తిప్పేసుకునేది. నాలుగు రోజులు అదే వరస. డొక్కలు కనపడ్డం మొదలైంది.

"అది గిన్నెలో తినదు ఆంటీ. నేను ముద్దలు చేసి పెట్టేదాన్ని. తప్పు నాదే, అలవాటు చేసేశా" అంది అంకిత. "ఒక్క ముద్ద పెట్టండి ఆంటీ, ప్లీజ్."

అయిదో రోజు రూతమ్మ తన లంచ్ డబ్బాలో పెరుగన్నం తీసింది. గ్లవ్స్‌తోనే కలిపి పెట్టింది. ఆ రబ్బరు వాసనకి జంతిక వెనక్కి వెళ్ళిపోయింది. రూతమ్మ ఇటూ అటూ చూసింది. గ్లవ్ తీసేసి, వేళ్ళతో మెత్తగా పిసికి, చిన్న ముద్ద చేసి చాపింది. జంతిక వచ్చి తినేసింది. వేళ్ళు కూడా నాకింది. పగిలిన చోట చురుక్కుమంది, అయినా రూతమ్మ చెయ్యి తియ్యలేదు. "తినవే నా తల్లి, తిను" అంటూ డబ్బా మొత్తం పెట్టేసింది. ఆవిడ ఆ రోజు అరటిపండు తిని ఊరుకుంది.

అది రోజూ అలవాటైపోయింది. ఎవరికీ చెప్పలేదు. రూల్ ప్రకారం గ్లవ్స్ తియ్యకూడదు, బయటి తిండి పెట్టకూడదు. కానీ పది రోజుల్లో డొక్కలు నిండి, తోక మళ్ళీ చుట్ట చుట్టుకుంది. చూసి మురిసిపోయేది.

పదిహేడో రోజు పొద్దున గది తలుపు తీస్తే జంతిక లేవలేదు. పిలిస్తే లేచింది, కానీ వెనక కాళ్ళు తూలుతున్నాయి. కింది దవడ కొంచెం వేలాడుతోంది, నోట్లోంచి చొంగ కారుతోంది. ముక్కు దగ్గర చిన్న రక్తపు చార. నీళ్ళ గిన్నె దగ్గర మూతి పెట్టి, తాగలేక, నీళ్ళవైపే చూస్తూ నిలబడింది.

రూతమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. నరసాపురం ఆస్పత్రిలో కోటయ్య అని ఒకతన్ని తీసుకొచ్చారు ఒకసారి. పిచ్చికుక్క కరిచిందని ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు. గ్లాసుతో నీళ్ళు తీసుకెళ్ళింది రూతమ్మే. ఆ గ్లాసు చూసి అతను పెట్టిన కేక పాతికేళ్ళయినా చెవిలోంచి పోలేదు. మూడో రోజు పోయాడు.

వెంటనే డాక్టర్ మేగన్‌ని పిలిచింది. మేగన్ చిన్నదే, ముప్పై అయిదు ఉంటాయేమో, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఒళ్ళంతా కప్పుకుని లోపలికెళ్ళి, చూసి, రక్తం తీసుకుని బయటికి వచ్చింది.

"రెండు అనుమానాలున్నాయి రూత్. ఇండియా కుక్కల్లో పిడుదుల నుంచి వచ్చే జ్వరం చాలా ఎక్కువ. ముదిరితే ఇలాగే తూలుతాయి, ముక్కులోంచి రక్తం వస్తుంది. అదే అయితే మూడు వారాలు మాత్రలు వేస్తే లేచి తిరుగుతుంది. రక్తం పంపిస్తున్నాను, మూడు రోజుల్లో తెలుస్తుంది."

"రెండోది?"

"నీకు తెలుసు."

"దానికీ రక్తం చూడొచ్చు కదా డాక్టర్?"

మేగన్ తల అడ్డంగా ఊపింది. "బతికున్న కుక్కలో రేబిస్ ఉందో లేదో చెప్పే టెస్ట్ లేదు. మెదడు తీసి చూడాల్సిందే. ఎవరికీ తగలకపోతే మనం దీన్ని విడిగా పెట్టి పది రోజులు చూడొచ్చు, ఈలోపు మాత్రలు మొదలెట్టొచ్చు. ఒక్క మనిషికి దీని చొంగ తగిలిందన్నా నేను స్టేట్ హెల్త్ వాళ్ళకి రిపోర్ట్ చెయ్యాలి. వాళ్ళు పది రోజులు ఆగరు, వెంటనే చంపి చూడమంటారు."

ఫారం తీసింది. ఎవరు తిండి పెట్టారు, ఎవరు కడిగారు, ఎవర్నైనా కరిచిందా. ఒక్కోటీ అడుగుతూ టిక్ పెడుతోంది. ఆఖరి ప్రశ్న దగ్గరికి వచ్చి, పెన్ను "లేదు" అనే గడి మీద పెట్టేసి, తలెత్తి చూసింది.

"గ్లవ్స్ వేసుకునే ఉన్నావు కదా రూత్?"

ఎంత తేలికో. తల ఊపితే చాలు. అసలు మాటే అక్కర్లేదు. ఉద్యోగంలో చేరినప్పుడే అందరికీ ముందు జాగ్రత్తగా రేబిస్ టీకాలు వేశారు, ఆవిడకీ వేశారు. అది ఆ నిమిషంలో గుర్తు రాలేదు. గుర్తొచ్చిందల్లా కోటయ్య, చేతిలో గ్లాసు, ఆ కేక. తన వేళ్ళ మీద ఎర్ర గీతలు చూసుకుంది.

"లేదు డాక్టర్" అంది. "చేత్తో అన్నం పెట్టాను. రోజూ. వేళ్ళు పగిలి ఉన్నాయి."

మేగన్ పెన్ను అక్కడే ఆగింది. తర్వాత పక్క గడిలో టిక్ పెట్టింది.

"అయ్యో, నాకు ఇంజెక్షన్లు వేసెయ్యండి, ఎన్నైనా వేయించుకుంటా" అంది రూతమ్మ, అప్పటికి తేరుకుని. "దాన్ని వదిలెయ్యండి. మూడు రోజులు ఆగండి చాలు, ఆ రక్తం సంగతి తెలుస్తుంది కదా."

"నీకు ముందే టీకాలున్నాయి, ఇంకో రెండు వేస్తే నీకేం కాదు. కానీ ఇప్పుడిది నా చేతుల్లో లేదు రూత్. నువ్వు చెప్పావు, నేను విన్నాను."

మధ్యాహ్నానికల్లా స్టేట్‌ వాళ్ళతో ఫోన్లు అయిపోయాయి. అంకితకి మేగనే చెప్పింది. స్పీకర్‌లో ఆ పిల్ల అరుపు కారిడార్ దాకా వినపడింది. "రెండుసార్లు టీకా వేయించాను! రెండుసార్లు!" మొదటిది లెక్కలో లేదని మేగన్ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చివరిచూపుకి కూడా రానివ్వలేదు.

ఆఖరి సూది వెయ్యడానికి వెళ్ళిన ఇద్దరూ నిలువెల్లా తెల్ల సూట్లు, మొహానికి అద్దాలు. జంతిక వాళ్ళని చూసి గోడకి ఒదిగిపోయింది, పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. తూలుతూనే ఇటూ అటూ తప్పించుకుంటోంది. మేగన్ గుమ్మం వైపు తిరిగి, "రూత్, ప్లీజ్" అంది.

రూతమ్మ గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రాకూడదు.

"జంతికా" అని పిలిచింది. "పడుకో తల్లీ. ఏం లేదు. పడుకో."

ఆ కుక్క ఆవిడనే చూసింది. తోక ఒక్కసారి కదిలింది. చెప్పినట్టే ముందుకాళ్ళు చాపి పడుకుంది.

ఆ సాయంత్రం కార్లో షాలేం రాజు రెండు మూడుసార్లు కదిపి చూశాడు. ఆవిడ ఇంటికెళ్ళాకే చెప్పింది. విన్నాడు. "నువ్వు నిజం చెప్పావు, దేవుడు చూస్తున్నాడు" అన్నాడు.

"నేను నిజం కోసం చెప్పలేదండి" అంది రూతమ్మ. "చస్తానని భయమేసి చెప్పాను."



రెండో రోజు రేబిస్ రిపోర్ట్ వచ్చింది. లేదు. మూడో రోజు రక్తం రిపోర్ట్ వచ్చింది. పిడుదుల జ్వరమే. మాత్రలతో తగ్గేది. మేగన్ రెండు కాగితాలూ టేబుల్ మీద పెట్టి, కళ్ళజోడు తీసి, కళ్ళు నొక్కుకుంది. రూతమ్మ ఉద్యోగం తియ్యలేదు, వార్నింగ్ లెటర్ ఇచ్చారు. తీసేసినా బాగుండేదేమో అనుకుంది.

శనివారం మధ్యాహ్నం అంకిత వచ్చింది. క్రేటూ, దాని దుప్పటీ తీసుకుపోవడానికి. రూతమ్మే మోసుకొచ్చి కార్లో పెట్టింది. తర్వాత ఇద్దరూ పార్కింగ్ గట్టు మీద కూర్చున్నారు. ఎవరు ముందు కూర్చున్నారో తెలీదు.

"ఎవరికో చొంగ తగిలిందని రిపోర్ట్‌లో రాశారు" అంది అంకిత. "పేరు చెప్పట్లేదు."

"నాకే అమ్మా."

అంకిత తల తిప్పి చూసింది. "గ్లవ్స్ ఎందుకు తీశారు ఆంటీ?"

"ఆ రబ్బరు వాసనకి తినట్లేదు."

కాసేపటికి ఆ పిల్ల మొహం మారిపోయింది. "ముద్ద పెట్టమంది నేను కదా" అంది, సగం తనలో తనే.

"నువ్వు ముద్ద పెట్టమన్నావు. గ్లవ్స్ తియ్యమనలేదు. ఆ మాట ఇంక ఎప్పుడూ అనుకోకు."

"ఇక్కడ అందరికీ ముందే టీకాలు వేస్తారట కదా. ఏమీ అయ్యేది కాదట కదా." అంది అంకిత. "చెప్పకుండా ఉంటే?"

"ఉంటే బతికేది."

"మరి ఎందుకు చెప్పారు?"

"భయమేసింది తల్లీ."

అంకిత మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. రూతమ్మ ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేద్దామని చాచి, వెయ్యలేక, ఒళ్ళో పెట్టేసుకుంది.

చివరికి ఆ పిల్ల లేచింది. కళ్ళు తుడుచుకుంది.

"మిమ్మల్ని తిట్టాలనే వచ్చాను ఆంటీ. తిట్టలేకపోతున్నాను. కానీ మీ గొంతు వింటే అదే గుర్తొస్తుంది. ఇంక ఫోన్ చెయ్యను. ఏమీ అనుకోకండి."

"అలాగే అమ్మా" అంది రూతమ్మ.

కారు గేటు దాటి రోడ్డెక్కింది. లోపల తిండి టైమ్ అయిందని కుక్కలన్నీ ఒక్కసారే మొరగడం మొదలుపెట్టాయి. రూతమ్మ గట్టు మీద చెయ్యి ఆనించి లేచి, లోపలికి నడిచింది.